ఐస్ హాకీ ఆటగాడు కావాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఐస్ హాకీ గురించి అడగదలచుకున్నది అడగండి అంటే వరంగల్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు నుంచి ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఒకే ప్రశ్న నలుగురు అడిగిన చోట ఒకరి ఉత్తరమే వేశాం. పేర్లు వద్దన్నవారే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

మా బాబుకు పన్నెండేండ్లు. మూడేండ్ల సంది ఇన్‌లైన్ స్కేట్ల మీద హాకీ ఆడుతుండు. ఇప్పుడు ఎన్‌హెచ్ఎల్‌ల ఆడుత అంటుండు. ఆశ పెట్టుకోవచ్చా, లేకపోతె ఇప్పుడే వద్దని చెప్పాల్నా?
ఓ తల్లి, హనుమకొండ

వద్దనకండి. అయితే ఆ దారిలో ఏ మెట్టు ఏ వయసుకు వస్తుందో ఉన్నదున్నట్టు చెప్పండి. పన్నెండేళ్ల పిల్లాడికి అర్థమవుతుంది.

ఎన్‌హెచ్ఎల్ అనేది అమెరికా, కెనడాల్లోని 32 జట్ల లీగ్. సీజన్‌లో ఒక్కో జట్టు జాబితాలో ఉండేది 23 మంది. 32ను 23తో హెచ్చిస్తే 736. ప్రపంచం మొత్తం పోటీ పడేది ఆ 736 చోట్ల కోసం. ఏటా జరిగే డ్రాఫ్టులో (జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే తంతు) ఏడు రౌండ్లకు కలిపి 224 మందిని ఎంచుకుంటారు. ఎక్కువమందిని ఎంచుకునేది 18 ఏళ్ల వయసులోనే. అలా పేరు పిలిపించుకున్నవాళ్లలోనూ చాలామందికి ఎన్‌హెచ్ఎల్ మ్యాచ్ ఒక్కటి కూడా దక్కదు.

కెనడా పిల్లాడు అయిదారేళ్లకే మంచు మీద అడుగు పెడతాడు. 15 ఏళ్లకు మేజర్ జూనియర్ జట్లు ఎంపిక చేసుకుంటాయి. 16 నుంచి 20 ఏళ్ల దాకా ఇల్లు వదిలి, ఆ జట్టు ఉన్న ఊళ్లో ఏదో ఒక కుటుంబం ఇంట్లో ఉండి చదువుకుంటూ ఆడతాడు. అమెరికా కాలేజీ హాకీ మరో దారి. 2025 ఆగస్టు దాకా ఈ రెండు దారుల్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి, మేజర్ జూనియర్ ఆడితే కాలేజీ తలుపు మూసుకుపోయేది. ఇప్పుడు ఆ అడ్డు తీసేశారు.

మన మూలాలున్న వాళ్లు ఆ లీగులో ఉన్నారు. రాబిన్ బావా 1989లో వాషింగ్టన్ క్యాపిటల్స్ తరఫున ఆడాడు, భారతీయ మూలాలతో ఎన్‌హెచ్ఎల్ చేరిన మొదటివాడు ఆయనే. మానీ మల్హోత్రా 991 మ్యాచ్‌లు ఆడాడు. అర్ష్‌దీప్ బైన్స్ కథ మీ బాబుకు తప్పక చెప్పండి. డ్రాఫ్టులో అతన్ని ఎవరూ ఎంచుకోలేదు. 2021-22 సీజన్‌లో మేజర్ జూనియర్ లీగుల్లో ఒకటైన వెస్టర్న్ హాకీ లీగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు, 112, సాధించాడు, ఆ సీజన్ నడుస్తుండగానే ఎన్‌హెచ్ఎల్‌లోని వాంకూవర్ జట్టు పిలిచి ఒప్పందం రాసుకుంది. కానీ ముగ్గురూ కెనడాలో పుట్టి పెరిగినవాళ్లే. హనుమకొండలో ఉంటూ పన్నెండేళ్లకు ఇన్‌లైన్ చక్రాల మీదే ఉన్న పిల్లాడు ఎన్‌హెచ్ఎల్ చేరడం జరిగే పని కాదు. ఇవి తెలివికో కష్టానికో సంబంధించిన లెక్కలు కావు, మంచు మీద గడిపిన గంటల లెక్కలు.

భారత జట్టు సంగతి వేరు. మన దేశ సంఘం 1989లోనే అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో చేరింది, పురుషుల జట్టు 2009లో అబూ ధాబీలో జరిగిన ఆసియా ఛాలెంజ్ కప్‌తో బరిలోకి దిగింది. జట్టులో ఎక్కువమంది లడఖ్ వాళ్లు. అక్కడి పిల్లలకు ఊరి చెరువు గడ్డకడితే అదే రింక్ (మంచు మైదానం), అందుకే వాళ్లను దాటడం తేలిక కాదు. అయినా మైదాన ప్రాంతాల పిల్లలకు తలుపు మూసేమీ లేదు. మీ బాబుకు అందే లక్ష్యం ఇదే.

దానికి వచ్చే నాలుగేళ్లలో చేయాల్సినవి చెబుతాం. వారానికి నాలుగు రోజుల ఇన్‌లైన్ సాధన ఆపొద్దు. ఏటా ఒక్కసారైనా అసలు మంచు మీదకు పంపండి. డెహ్రాడూన్‌లో 2011లో కట్టిన ఇండోర్ రింక్ ఏళ్ల తరబడి మూతపడి 2025లో తిరిగి తెరుచుకుంది. అది మంచు గడ్డకట్టే కాలం కోసం చూడనక్కర్లేని చోటు. లేహ్‌లో సహజమైన మంచు డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా నిలుస్తుంది. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ, అక్కడి నుంచి విమానం. లేహ్ సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి దిగిన మొదటి రెండు రోజులు స్కేట్లు బ్యాగులోంచి తీయనివ్వకండి. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే ఆట మాట మర్చిపోయి డాక్టరుకు చూపించాలి. ఒక నోటు పుస్తకం పెట్టి మంచు మీద ఉన్న ప్రతి గంటా రాయించండి. ఎంపికకు పోయినప్పుడు పతకాల కన్నా ఆ పుస్తకమే అతని స్థాయిని సరిగ్గా చెబుతుంది.

పాస్‌పోర్టు ఇప్పుడే తీసి పెట్టండి. దేశం తరఫున ఆడాలంటే ఆ దేశ పౌరుడై ఉండాలి. విదేశాల్లో ఉండి ఓసీఐ కార్డు మాత్రమే ఉన్న పిల్లల తల్లిదండ్రులు కూడా ఇదే ప్రశ్న అడిగారు. ఓసీఐ అంటే పౌరసత్వం కాదు.

చక్రాల మీద నేను బాగా ఆడుతాను. పోయిన డిసెంబరులో మొదటిసారి ఐస్ మీదికి పోతే పసిపిల్లాడి లెక్క పడ్డాను. ఆగడం అసలే రాలేదు. తప్పు ఎక్కడుంది?
ఇంటర్ విద్యార్థి, కాజీపేట

సగం తప్పు స్కేట్లది అయి ఉంటుంది, మిగతా సగం అలవాటుది. ముందు స్కేట్ల సంగతి చూద్దాం.

బ్లేడును తిరగేసి వెలుతురుకు పట్టి చూడండి. అది కూరగాయల కత్తిలా ఒకే అంచుతో ఉండదు. దాదాపు 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పట్టీ, దాని అడుగున పొడవునా సన్నటి గాడి, గాడికి అటొకటి ఇటొకటి రెండు అంచులు. సాన పట్టే రాయిని అర అంగుళం వ్యాసార్ధపు వంపుతో చెక్కి బ్లేడు మీద నడిపితే ఆ గాడి పడుతుంది. అలా పడ్డ గాడి లోతు ఒక మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఆట మొత్తం నిలబడేది దాని మీదే. వ్యాసార్ధం తగ్గించి 3/8 అంగుళం చేస్తే గాడి లోతవుతుంది, మంచును గట్టిగా కరుస్తుంది, కానీ జారుడు తగ్గి కాళ్లు త్వరగా అలసిపోతాయి. 5/8 అంగుళం చేస్తే వేగంగా జారతారు, మలుపులో పట్టు తగ్గుతుంది. మీ బరువు 55-70 కిలోల మధ్య ఉంటే అర అంగుళంతో మొదలుపెట్టండి. మార్చాలనుకుంటే ఒక్కసారికి ఒక్క మెట్టే మార్చండి.

కొత్త స్కేట్లు చాలావరకు పదును పెట్టకుండానే పెట్టెలో వస్తాయి. ఈ సంగతి తెలియక అలాగే మంచు ఎక్కి, తమకు ఆట రాదనుకునే పిల్లలు ఎందరో. అద్దె స్కేట్లయితే అంచులు మొద్దుబారి ఉంటాయి. పరీక్ష తేలిక. బొటనవేలి గోరును అంచుకు అడ్డంగా మెల్లగా లాగండి. గోరు మీద నుంచి సన్నటి పొడి రాలితే పదునుంది. ఊరికే జారిపోతే లేదు. రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడాలంటే స్కేటును తిరగేసి పట్టుకుని బ్లేడు మీద అడ్డంగా ఒక నాణెం నిలకడగా పెట్టండి. నాణెం ఓ పక్కకు వాలితే ఆ పక్క అంచు తక్కువగా ఉంది. అలాంటి స్కేటు మిమ్మల్ని ప్రతి మలుపులో ఒకవైపే పడేస్తుంది, మీరేమో కాలిది తప్పనుకుంటారు. ఆడాక బ్లేడును గుడ్డతో పూర్తిగా తుడవండి. ప్లాస్టిక్ గార్డులోనే వదిలేస్తే రాత్రికి రాత్రి తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన చోట అంచు విరుగుతుంది.

బూటు కొలత చూసుకోవాలి. ఐస్ స్కేటు మామూలు బూటు కన్నా సైజు లేదా సైజున్నర తక్కువ పడుతుంది. "నా మడమలు లోపలికి వాలిపోతున్నయి, బలం లేదు" అనేవాళ్లలో ఎక్కువమంది బూటు పెద్దదైనవాళ్లే. మోకాలు వంచినప్పుడు బొటనవేలు బూటు ముందుభాగం నుంచి కొంచెం వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు.

ఇక ఆగడం. ఇన్‌లైన్‌లో మీరు వెనక కాలును అడ్డంగా ఈడ్చి ఆగుతారు. మంచు మీద అలా చేస్తే బ్లేడు జారిపోవాల్సిన చోట గుచ్చుకుంటుంది, అందుకే ముందుకు బోర్లా పడ్డారు. మంచు మీద ఆగడమంటే గుచ్చడం కాదు, చెక్కడం. రింక్ గోడ పట్టుకుని నిలబడండి. ఒక కాలి లోపలి అంచుతో మంచును బయటివైపుకు గీరండి. తురిమిన కొబ్బరిలా తెల్లటి పొడి కుప్ప పడాలి. బరువు ఎక్కువ వేస్తే బ్లేడు ఆగిపోతుంది, తక్కువ వేస్తే పొడి రాదు. పొడి వచ్చే బరువు ఎంతో కాలికి తెలిసేదాకా ఇదే చేయాలి. ఒక్కో కాలితో వంద సార్లు. తర్వాత గోడ వదిలి మెల్లగా జారుతూ ఒక్క కాలితో అదే గీరడం. ఆ తర్వాతే రెండు కాళ్లూ తిప్పి ఆగడం. అక్కడ క్రమం ఇది: మోకాళ్లు వంచి వేగంగా వస్తూ ఒక్క క్షణం పైకి లేచి స్కేట్ల మీద బరువు తేలిక చేయాలి, ఆ క్షణంలోనే నడుమును తొంభై డిగ్రీలు తిప్పాలి, వెంటనే మళ్లీ మోకాళ్లు వంచి బరువు దించాలి. భుజాలు మాత్రం వెళ్తున్న దిక్కుకే ఉండాలి. చాలామంది భుజాలు ముందు తిప్పుతారు, నడుము వెనకబడుతుంది, వేళ్ల దగ్గర అంచు చిక్కుకుని గిరగిరా తిరిగి పడతారు.

పడేటప్పుడు పక్కకు పడండి, వేళ్లు పిడికిలిగా మూయండి. గ్లవ్స్ లేకుండా ఒక్క నిమిషం కూడా మంచు మీద ఉండవద్దు, పక్కవాడి బ్లేడు మీ వేళ్ల మీదుగా పోతే ఏమవుతుందో ఊహించుకోండి.

వరంగల్‌లో ఉండి చేసుకోగలిగింది చాలా ఉంది. ఎనిమిది అడుగుల పొడవున్న నున్నటి లామినేట్ షీటు నేల మీద పరిచి, రెండు చివర్లా చెక్క దిమ్మెలు బిగించి, మేజోళ్లతో అటూ ఇటూ జారండి. నలభై అయిదు సెకన్లు జారడం, రెండు నిమిషాలు ఆగడం, ఇలా ఎనిమిది సార్లు. అసలు ఆటలోనూ ఒక ఆటగాడు ఒక్కో విడత మంచు మీద ఉండేది ముప్పావు నిమిషమే, ఆ తర్వాత బెంచి. కరీంనగర్, వరంగల్ వైపు పాలిష్ గ్రానైట్ ముక్కలు దొరకడం కష్టం కాదు కదా, షాట్లు కొట్టడానికి అంత మంచి పలక ఇంకోటి లేదు. స్టిక్ బ్లేడుకు టేపు చుట్టి, రోజుకు వంద షాట్లు దాని మీద నుంచి కొట్టండి. అసలు పక్ వాడండి. 3 అంగుళాల వ్యాసం, 1 అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల బరువు ఉండే గట్టి రబ్బరు అది. సిమెంటు కోర్టు మీద మాత్రం అది జారదు, దొర్లుతూ ఎగురుతుంది, అక్కడ గట్టి ప్లాస్టిక్ బంతే మేలు. సిమెంటు కోర్టుకు 82ఏ (చక్రం గట్టిదనం చెప్పే అంకె) లేదా అంతకన్నా గట్టి చక్రాలు తీసుకోండి, లోపలి నునుపు ఫ్లోరుకు వాడే మెత్తటి చక్రాలు మన సిమెంటు మీద నెల రోజులు కూడా రావు.

నేను కాలేజీ హాకీ జట్టులో ఫార్వర్డ్‌ను. ఐస్ హాకీకి మారాలనుంది. స్టిక్ ఏ చేతిది తీసుకోవాలి?
డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

కుడి. మన హాకీ కర్రకు చదునైన ముఖం ఒకవైపే ఉంటుంది కాబట్టి అందరూ ఎడమ చేయి పైన, కుడి చేయి కిందే పట్టుకుంటారు. ఐస్ హాకీలో దాన్నే రైట్ షాట్ అంటారు. కుడి చేతివాటం ఉన్నా ఎడమ స్టిక్ పట్టేవాళ్లు కెనడాలో ఎక్కువ, అందువల్ల రైట్ షాట్ ఆటగాళ్లకు, అందులోనూ డిఫెన్స్‌లో, గిరాకీ ఉంటుంది. చేతికొచ్చిన అలవాటును మార్చకండి.

పొడవు: స్కేట్లు వేసుకుని నిలబడితే గడ్డం దాకా, వట్టి కాళ్లతో అయితే ముక్కు దాకా. వంపు బలాన్ని ఫ్లెక్స్ అంకెతో చెబుతారు, మీ బరువు పౌండ్లలో ఎంతో అందులో సగం తీసుకోవచ్చు. 55 కిలోలంటే 121 పౌండ్లు, 60 ఫ్లెక్స్ చాలు. పైనుంచి కోస్తే స్టిక్ గట్టిపడుతుందని మర్చిపోవద్దు. రెండు అంగుళాలు కోస్తే దాదాపు పది అంకెలు పెరిగినట్టే.

మీరు మానుకోవాల్సింది నడుము వంచి నేల చూడటం. ఫీల్డ్ హాకీ కర్ర పొట్టిది కాబట్టి అది తప్పదు. మంచు మీద తల దించి పక్ నడిపితే ఎదురొచ్చేవాళ్లు కనబడరు. గోల్ఫ్ బంతిని టైల్స్ మీద నడిపిస్తూ టీవీ చూడండి, చూపు కిందికి పోకుండా చేతికి తెలియడం రావాలి.

మా మనవడు అమెరికాలో ఫ్రిస్కోలో ఉంటాడు. తొమ్మిదేళ్లు. ఐస్ హాకీలో చేర్పించారట. వీడియోలో చూస్తే ఒకరినొకరు గోడకేసి కొట్టుకుంటున్నారు, ఆటగాళ్లకు పళ్లు లేవు. భయంగా ఉంది.
ఓ తాతయ్య, మట్టెవాడ, వరంగల్

మీరు చూసింది పెద్దవాళ్ల ఆట. మీ మనవడి ఆటలో గోడకేసి గుద్దడం లేదు. అమెరికా హాకీ సమాఖ్య 2011లో నియమం మార్చింది. 13-14 ఏళ్ల విభాగం నుంచే బాడీ చెకింగ్ (ఒంటితో గుద్ది అడ్డుకోవడం) ఉంటుంది, అంతకు లోపల చేస్తే శిక్ష. కెనడా కూడా 2013లో 11-12 ఏళ్ల పిల్లలకు దాన్ని తీసేసింది. పళ్ల సంగతి: పెద్ద ఆటగాళ్లు కళ్ల వరకే అద్దం పెట్టుకుంటారు, పిల్లలకు ముఖం మొత్తం కప్పే ఇనుప జాలీ తప్పనిసరి. ఫ్రిస్కో మంచి చోటే, డల్లాస్ స్టార్స్ జట్టు సాధన చేసే రింక్ ఆ ఊళ్లోనే ఉంది.

అయినా మీ అబ్బాయిని, కోడలిని మూడు సంగతులు అడగండి.

మెడకు గార్డు కట్టుకుంటున్నాడా? 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మ్యాచ్ ఆడుతుండగా ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడి మెడకు ఎదుటి ఆటగాడి స్కేటు బ్లేడు తగిలి ప్రాణం పోయింది. ఆ తర్వాత అంతర్జాతీయ సమాఖ్య మెడ గార్డును తప్పనిసరి చేసింది, అమెరికాలో పిల్లల విభాగాలకు 2024 ఆగస్టు నుంచి తప్పనిసరి. గార్డు ఉండటమే కాదు, గడ్డం కింద ఖాళీ లేకుండా కూర్చోవాలి.

హెల్మెట్ ఎవరిదైనా వాడినదా? వెనక అతికించిన ముద్ర మీద తయారైన తేదీ, చెల్లుబాటు ఉంటాయి. అమెరికా ముద్ర తయారీ నుంచి ఆరున్నరేళ్లకు చెల్లిపోతుంది. పైకి కొత్తగా కనబడినా లోపలి ఫోము గట్టిపడి ఉంటుంది.

తలకు దెబ్బ తగిలితే కోచ్ ఏం చేస్తాడు? ఇది అన్నిటికన్నా ముఖ్యం. కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అనుమానం వస్తే ఆ రోజు మళ్లీ మంచు ఎక్కనివ్వకూడదు, "బాగానే ఉన్నాను" అని పిల్లాడు ఎంత చెప్పినా సరే. తిరిగి రావడం మెట్లు మెట్లుగా ఉంటుంది: మామూలు ఇంటి పనులు, తర్వాత నడక, సైకిలు, తర్వాత ఒంటరిగా స్కేటింగ్, తర్వాత ఎవరినీ తాకని సాధన, డాక్టరు సరేనన్నాక పూర్తి సాధన, ఆఖరున మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. లక్షణం తిరగబెడితే ఒక మెట్టు వెనక్కి. మీరు వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు కూడా కనిపెట్టొచ్చు. ఫోను వెలుతురు చూడలేక కళ్లు చికిలించడం, అడిగిందే అడగడం, ఊరకే చిరాకుపడటం, రోజూ ఆగకుండా మాట్లాడేవాడు ముక్తసరిగా ఊరుకోవడం. వాణ్ని రోజూ చూసేవాళ్ల కన్నా వారానికోసారి చూసే మీకే ఆ తేడా ముందు తెలియవచ్చు.

కంటి దెబ్బ గురించి భయపడిన వేరే పాఠకులకు: మానీ మల్హోత్రాకు 2011 మార్చిలో పక్ ఎడమ కంటికి తగిలి చూపు చాలావరకు పోయింది. ఆపరేషన్లు చేయించుకుని ఆ జూన్‌లోనే ఫైనల్లో ఆడాడు. 2013 నుంచి కొత్తగా ఎన్‌హెచ్ఎల్‌లోకి వచ్చేవారందరికీ కంటి అద్దం తప్పనిసరి అయింది.

స్పోర్ట్స్ కోటాలో ఐస్ హాకీకి ఉద్యోగం వస్తదా?
ఆదిలాబాద్

ఐటీబీపీకి (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం), సైన్యానికి బలమైన ఐస్ హాకీ జట్లున్నాయి. నోటిఫికేషన్‌లో "హాకీ" అని మాత్రమే ఉంటే అది ఫీల్డ్ హాకీ. "ఐస్ హాకీ" అని విడిగా రాసి ఉందా, ఏ స్థాయి పోటీ సర్టిఫికెట్ అడిగారు, ఏ తేదీల మధ్య ఆడింది చెల్లుతుంది, ఈ మూడూ చూశాకే దరఖాస్తు చేయండి. ఇన్‌లైన్ హాకీ సర్టిఫికెట్ ఐస్ హాకీ కింద చెల్లుతుందనుకోకండి.

ప్రొఫెషనల్ ఆటగాడికి కోట్లు వస్తాయంటారు. నిజంగా చేతికి ఎంత వస్తుంది? ఎన్నాళ్లు?
పీజీ విద్యార్థి, మంచిర్యాల

2025-26 సీజన్‌లో ఎన్‌హెచ్ఎల్ కనీస జీతం 7,75,000 డాలర్లు, అంటే ఆరున్నర కోట్ల రూపాయలకు పైనే. 2026-27 నుంచి అది 8,50,000 డాలర్లు, మ్యాచ్‌లు కూడా 82 నుంచి 84కు పెరుగుతాయి. కానీ ఈ అంకె ఒక్కటి చూస్తే మోసపోతాం.

కుర్రాడికి మొదట దొరికేది టూ-వే ఒప్పందం. అందులో రెండు జీతాలు రాసి ఉంటాయి, పెద్ద లీగులో ఉన్న రోజులకు ఒకటి, కింది లీగు ఏహెచ్ఎల్‌కు పంపిన రోజులకు మరొకటి. రెండోది మొదటిదాని పక్కన చాలా చిన్నది. లెక్క రోజులవారీగా కడతారు. పది రోజులు పైకి పిలిచి దించేస్తే పది రోజుల పెద్ద జీతమే. ఏహెచ్ఎల్ కింద ఈసీహెచ్ఎల్ ఉంది. అక్కడ వారానికింత అని ఇస్తారు, సీజన్ నడిచినన్నాళ్లు ఇల్లు జట్టే చూస్తుంది. బతకొచ్చు, మిగలదు. ఐస్ హాకీతో బతికే ఆటగాళ్లలో ఎక్కువమంది ఉండేది ఈ కింది మెట్ల మీద, యూరప్ లీగుల్లో. స్వీడన్, ఫిన్లండ్, స్విట్జర్లండ్, జర్మనీ లీగులు గౌరవంగా బతకదగ్గ జీతం ఇస్తాయి. పిల్లల ముందు ఎన్‌హెచ్ఎల్ ఒక్కదాన్నే పెట్టి మిగతా దారులు దాచడం మాకు తప్పనిపిస్తుంది.

పెద్ద లీగులోనూ జీతం అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, సీజన్ నడిచే నెలల్లోనే పడుతుంది. ప్లేఆఫ్‌లకు జీతం లేదు, బోనస్ మాత్రమే. రాబడిలో ఆటగాళ్ల వాటా సగానికి మించకుండా ప్రతి జీతంలోంచి కొంత ఎస్క్రో కింద పట్టి ఉంచుతారు. పన్ను పోతుంది, ఏజెంటు వాటా పోతుంది.

ఎన్నాళ్లు అంటే: గార్డీ హో 52 ఏళ్ల దాకా ఆడాడు, పాట్రిక్ మార్లో 1,779 మ్యాచ్‌లతో ఆయన రికార్డు దాటాడు, అలెక్స్ ఒవెచ్కిన్ 39వ ఏట, 2025 ఏప్రిల్ 6న, 895వ గోలుతో వేన్ గ్రెట్స్కీని దాటాడు. వీళ్లను కొలబద్దగా పెట్టుకోకూడదు. రాబిన్ బావా ఆడింది మొత్తం 61 మ్యాచ్‌లు. ఎక్కువమందికి ఒక తుంటి కీలో, ఒక భుజమో, మూడో కంకషనో దారి మూసేస్తుంది. అందుకే కాలేజీ దారిలో వచ్చినవాళ్లు డిగ్రీని వదలరు. ఆట తర్వాత కోచింగ్ ఒక దారి. మల్హోత్రా కోచ్‌గా అబట్స్‌ఫర్డ్ జట్టుతో 2025లో ఏహెచ్ఎల్ ట్రోఫీ, క్యాల్డర్ కప్, గెలిచాడు.

నా భర్త అబూ ధాబీలో పనిచేస్తాడు. పాప ఎండకాలం సెలవులకు అక్కడికి పోతది. ఆడపిల్లలు ఈ ఆట ఆడతారా?
జగిత్యాల

తప్పకుండా. అబూ ధాబీలో జాయెద్ స్పోర్ట్స్ సిటీలో రింక్ ఉంది, అల్ ఐన్‌లో, దుబాయ్ మాల్‌లో ఉన్నాయి. ఎండాకాలం రెండు నెలలు అక్కడ మంచు మీద గడపడం లేహ్ శీతాకాలానికి ఏమాత్రం తీసిపోదు. భారత మహిళల జట్టు 2025లో ఆసియా కప్ కాంస్యం గెలిచింది ఆ అల్ ఐన్‌లోనే. అమెరికా, కెనడాల్లో మహిళల ప్రొఫెషనల్ లీగ్ 2024 జనవరి 1న ఆరు జట్లతో మొదలైంది, 2025-26 సీజన్‌కు ఎనిమిది అయ్యాయి. మొదలైనప్పుడు కనీస జీతం 35,000 డాలర్లు, ఒక్కో జట్టులో కనీసం ఆరుగురికి 80,000 డాలర్లు లేదా ఆ పైన అని ఒప్పందం రాసుకున్నారు.

పాపకు సొంత స్కేట్లు, హెల్మెట్ కొనండి, మిగతావి దొరికితే అద్దెకు తీసుకోవచ్చు. ఆడాక తడిసిన ప్యాడ్లు బ్యాగులో మూసి ఉంచొద్దు, ఫ్యాను కింద ఆరబెట్టాలి. లేకపోతే బూజు, చర్మం మీద పుండ్లు.

నేను ఐటీఐలో రిఫ్రిజిరేషన్ చేస్తున్న. ఆటగాణ్ని కాను. ఐస్ రింక్‌లో పని దొరుకుతదా? మంచు ఎట్ల చేస్తరు?
వరంగల్

ఆటగాళ్ల కన్నా మీకే దారి దగ్గర. రింక్ అడుగున కాంక్రీటు పలక, దానిలో కిలోమీటర్ల కొద్దీ పైపులు. అమ్మోనియా చిల్లరు (చల్లబరిచే యంత్రం) కాల్షియం క్లోరైడ్ ఉప్పునీళ్లను సున్నాకు బాగా కిందికి చల్లబరిస్తే ఆ నీళ్లు పైపుల్లో తిరిగి పలకను గడ్డకట్టిస్తాయి. దాని మీద నీళ్లు ఒక్కసారి పోయకూడదు. మిల్లీమీటరు మందాన చిమ్మడం, గడ్డకట్టనివ్వడం, మళ్లీ చిమ్మడం. కొన్ని పొరల తర్వాత తెల్ల రంగు, ఆపైన గీతలు, ఆపైన మళ్లీ పొరలు. మొత్తం మందం అంగుళం, అంగుళంపావు చాలు. మందం ఎక్కువైతే మంచే దుప్పటిలా అడ్డుపడుతుంది, అడుగు చల్లదనం పైకి రాదు, పైపొర మెత్తబడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. హాకీకి పైపొర సున్నాకు అయిదు డిగ్రీల కింద ఉండాలి.

విరామంలో తిరిగే జాంబోనీ బండి పైపొరను సన్నగా చెక్కి, దాదాపు 60 డిగ్రీల వేడినీళ్లు పరుస్తుంది. వేడినీళ్లలో కరిగిన గాలి తక్కువ, పాత మంచు పైపొరను కాస్త కరిగించి అతుక్కుంటుంది, గట్టి గాజులాంటి మంచు వస్తుంది. మన బోరు నీళ్లు నేరుగా పోస్తే లవణాల వల్ల మసకగా, పెళుసుగా తయారవుతుంది, ఆర్‌ఓ నీళ్లే వాడాలి. మన వాతావరణంలో ఇంకో తలనొప్పి గాలిలో తేమ. డీహ్యూమిడిఫయర్ చాలకపోతే మంచు మీద పొగమంచు లేస్తుంది, పైకప్పు నుంచి నీటిచుక్కలు పడి మొటిమల్లా గడ్డకడతాయి.

అమ్మోనియాతో జాగ్రత్త. 2017 అక్టోబరులో కెనడాలోని ఫెర్నీ రింక్‌లో చిల్లరు గొట్టం తుప్పుతో చిల్లుపడి అమ్మోనియా ఉప్పునీళ్లలోకి చేరింది, ముగ్గురు చనిపోయారు. ఉప్పునీళ్లలో అమ్మోనియా ఆనవాలు కనబడిన రోజే యంత్రం ఆపాలన్నది అక్కడ నేర్చుకున్న పాఠం.

నేర్చుకోవడానికి మీరు దూరం పోనక్కర్లేదు. ఎనుమాముల మార్కెట్ చుట్టూ మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీలున్నాయి, వాటిలో అమ్మోనియా ప్లాంట్లు నడుస్తాయి. అప్రెంటిస్‌గా చేరి కంప్రెసర్ లాగ్ బుక్ గంట గంటకూ రాయడం, ఆయిల్ తీయడం, వాల్వుల వరుస, మాస్కు పెట్టుకుని లీకు వెతకడం నేర్చుకోండి. రెండేళ్ల లాగ్ బుక్ అనుభవానికి సంతకంతో సర్టిఫికెట్ తీసుకుని, అప్పుడు డెహ్రాడూన్ రింక్‌కో గల్ఫ్ రింక్‌లకో దరఖాస్తు పంపండి. దానిలో ప్లాంటు ఎన్ని టన్నులదో, ఏ కంప్రెసర్ మీద పనిచేశారో మొదటి పేరాలోనే రాయండి.